ఆదివారపు ఫలహారం: బెంగుళూరు వీధుల్లో

ఉదయపు ఫలహారానికి పొద్దెక్కి, మధ్యాహ్న భోజనానికి ఇంకా వేళ కాని సమయంలో తినే తిండికి పంతొమ్మిదవ శతాబ్దం చివరిదాకా ఇంగ్లీషులో పేరు లేదు. 1895లో గై బెరింజర్ అనే రచయిత ‘హంటర్స్ వీక్లీ’ పత్రికలో చిన్న వ్యాసం రాసి, బ్రేక్‌ఫస్టునూ లంచినీ కలిపి ‘బ్రంచ్’ అనే కొత్త మాటను ప్రతిపాదించాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొన్నవారికి ఆదివారం పెందలకడ లేచే శిక్ష తప్పాలనీ, కాస్త ఆలస్యంగానైనా నలుగురూ కలిసి కూర్చుని తింటే వారం రోజుల చికాకు దిగిపోతుందనీ ఆయన వాదం. సగం వేళాకోళంగా పుట్టిన ఆ మాట నేడు మన మహానగరాల హోటళ్ల ప్రకటనల్లోకి సైతం వచ్చి కూర్చున్నది.

మాట కొత్తదే గాని, పని మనకు కొత్త కాదు. ఆంగ్లేయుల వాడుకలో గుక్కెడు తాగడమనే అర్థంలో ఉన్న ఒక పామరపదం నుంచి పుట్టిన ‘టిఫిన్’ కంపెనీ దొరల ఇళ్లలో మధ్యాహ్నపు తేలిక భోజనానికి పేరైంది. దక్షిణాదిలో అది ఇడ్లీకీ దోసెకూ ఉప్మాకూ ఉమ్మడి ఇంటిపేరైపోయింది. దొరలు వెళ్లిపోయారు. మాటను మాత్రం ఇక్కడే వదిలి వెళ్లారు. ఇంగ్లండులో దానిని పట్టించుకొనేవారు ఇప్పుడు అరుదు; బెంగుళూరులో అది లేనిదే ఆదివారం తెల్లవారదు.

కోటికి పైగా జనం ఉన్న ఆ నగరంలో ఆదివారం ఉదయమంటే అందరికీ ఒకటే కాదు. ఇల్లూ వాకిలీ ఉన్నవారికి అది విశ్రాంతి. ఉద్యోగం కోసం ఊరుగాని ఊరు వచ్చి, అద్దె గదిలో ఒంటరిగా బతికేవారికి మాత్రం వారం మొత్తంలో అతి పొడుగైన పూట అదే. అనంతపురం నుంచో, విజయవాడ నుంచో, వరంగల్లు నుంచో రైలెక్కి వచ్చిన తెలుగు యువకులు అక్కడ కోకొల్లలు. కార్యాలయం తలుపు మూసి ఉంటుంది, ఇంటినుంచి వచ్చే ఫోను పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలి? కడుపు నింపుకోవడానికి చోటు వెతకడం వేరు, మనుషుల మధ్య కూర్చోవడానికి చోటు వెతకడం వేరు. ఈ రెండూ ఒకేచోట దొరికితే ఆ చోటును ఎవరూ మరిచిపోరు.

ముందుగా కనిపించేవి పెద్ద హోటళ్లు. 1887 నాటి వెస్ట్ ఎండ్ మొదలుకొని నిన్న మొన్న వెలసిన అద్దాల మేడల దాకా ఆదివారపు బ్రంచ్‌కు కొదవ లేదు. వరుసగా పేర్చిన పాత్రలు, పియానో వాద్యం, వంగి నమస్కరించే సేవకులు. ముప్ఫై రకాలు రుచి చూసి, ఇంటికి వచ్చాక వాటిలో ఒక్కదాని రుచి కూడా నాలుకకు గుర్తులేకపోవడం అక్కడి ప్రత్యేకత. చెల్లించిన పైకం మాత్రం చాలాకాలం గుర్తుంటుంది. కనుక ఆ దారి విడిచి, లాల్‌బాగ్ వైపు నడవడం మేలు.

1760లో హైదర్ అలీ పునాది వేసిన లాల్‌బాగ్ తోటలో ఒక రాతిగుట్ట ఉంది. దాని వయస్సు మూడువందల కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆదివారం తెల్లవారుజామున ఆ గుట్ట ఎక్కి దిగినవారూ, చెట్లకింద చేతులూపుతూ నడిచినవారూ ఏడింటికల్లా తోట బయటికి వచ్చి చేరే గమ్యం ఒకటే: మావళ్ళి టిఫిన్ రూమ్స్. ఆ పేరును పూర్తిగా పలికేవారు తక్కువ, అందరికీ అది ఎం.టి.ఆర్. మాత్రమే.

ఉడుపి ప్రాంతపు పరంపళ్ళి గ్రామం నుంచి వచ్చిన యజ్ఞనారాయణ మయ్య, ఆయన సోదరులూ 1924లో దీనిని ప్రారంభించారు. మయ్యగారు 1951లో ఐరోపా యాత్ర చేసి, అక్కడి భోజనశాలల శుభ్రతను చూసి వచ్చారు. పాత్రలను మరిగే నీటితో శుద్ధి చేయించడం, తినడానికి వచ్చినవారిని వంటగదిలోకి పిలిచి పరిశీలించుకోమనడం ఆ యాత్ర ఫలితాలే. వంటింటిని దాచుకోవడమే రివాజుగా ఉన్న రోజుల్లో అది చిన్న సాహసం కాదు. లాల్‌బాగ్ రోడ్డుమీది ఈ భవనానికి హోటలు మారింది 1960లో. నేటికీ ఆదివారం అక్కడ పేరు రాయించుకొని, పిలుపు కోసం మెట్లమీద, వరండాలో, చివరికి కాలిబాటమీద నిరీక్షించాలి. గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ గంటలో పక్కవారితో పరిచయం కాకుండా ఉండటమే కష్టం. పేపరు పంచుకోవడంతో మొదలై, ఏ ఊరు, ఏ పని అన్నదాకా వెళుతుంది. పిలుపు వచ్చాక ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే గాని, మనకు వేరే బల్ల కావాలంటే కుదరదు. ఎదురుగా ఎవరో పెద్దాయన తన వెండి గ్లాసులోని కాఫీని మౌనంగా చల్లార్చుకుంటూ ఉంటారు.

అక్కడ తినవలసినది రవ్వ ఇడ్లీ. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను సైన్యాలు 1942లో బర్మాను ఆక్రమించుకోవడంతో అక్కడి బియ్యం మన దేశానికి రావడం ఆగిపోయింది. ఇడ్లీకి బియ్యపు రవ్వ కరవైంది. అప్పుడు గోధుమరవ్వను పెరుగులో కలిపి, ఆవాల పోపు పెట్టి, జీడిపప్పూ కొత్తిమీరా చేర్చి ఆవిరిపై ఉడికించి చూశారనీ, రవ్వ ఇడ్లీ జన్మవృత్తాంతం ఇదేననీ ఆ సంస్థ చెప్పుకుంటుంది. పక్కన బంగాళాదుంప సాగు, చిన్న గిన్నెలో కరిగిన నెయ్యి. ఇడ్లీమీద నెయ్యి పోయడంలో పొదుపు చూపిన చేతిని అక్కడివారు జాలిగా చూస్తారు.

యుద్ధం ఇడ్లీని మార్చిందంటే ఆచారపరులకు కష్టంగా ఉండవచ్చు. కాని ఇడ్లీ అంతకుముందు మాత్రం మారలేదా? సుమారు 920 నాటి కన్నడ గ్రంథం ‘వడ్డారాధనె’లో ‘ఇడ్డలిగె’ ప్రస్తావన ఉంది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్పించిన ‘మానసోల్లాసం’లో ఇడ్లీ, దోసెల పూర్వీకుల పేర్లు కనిపిస్తాయి. ఆనాటి ఇడ్లీ మినప్పిండితో చేసినదే గాని, అందులో బియ్యం లేదని ఆహార చరిత్రకారులు తేల్చారు. వెయ్యేండ్ల ప్రయాణంలో బియ్యం వచ్చి చేరింది, కొన్నాళ్లు బియ్యం దొరకకపోతే రవ్వ వచ్చి ఆదుకున్నది.

ఎం.టి.ఆర్. చరిత్రలో మరొక ఘట్టం వంటకు కాదు, వ్యాపారానికి సంబంధించినది. 1975లో అత్యవసర పరిస్థితి విధించాక, హోటళ్లు తినుబండారాలను అతి తక్కువ ధరలకు అమ్మాలని ప్రభుత్వం కట్టడి చేసింది. నెయ్యి తగ్గించి, కాఫీలో నీళ్లు పెంచి గడుపుకోవడం ఒక మార్గం. చాలామంది ఆ మార్గమే పట్టి ఉంటారు. మయ్య కుటుంబం రుచిని పలుచన చేయడానికి ఒప్పుకోలేదు. నిర్ణయించిన ధరకే పాత నాణ్యంతో వడ్డిస్తూ, ఏ రోజు ఎంత నష్టం వచ్చిందో హోటలు బయట బోర్డుమీద రాసి పెట్టారు. చివరకు తలుపులు మూసివేశారు. పనివారికి పని చూపడానికి పొడులూ, కలిపి ఉంచిన పిండులూ పొట్లాలు కట్టి అమ్మడం ఆ రోజుల్లో ఊపందుకున్నది. కొన్ని సంవత్సరాల తరువాత హోటలు మళ్లీ తెరుచుకున్నది. పొట్లాల వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, 2007లో నార్వే దేశపు ఓర్క్లా సంస్థ దానిని కొనుక్కున్నది. హోటళ్లు మాత్రం కుటుంబం చేతిలోనే నిలిచాయి. వీరి పొట్లం పిండితో ఇంట్లో రవ్వ ఇడ్లీ చేసుకొనే గృహిణుల్లో ఎందరికి ఆ పొట్లం వెనుక మూతపడిన ఒక తలుపు ఉన్నదని తెలుసు?

ఆదివారాలకే ప్రత్యేకించిన మిఠాయి ఒకటి అక్కడ ఉంది. పొరలు పొరలుగా మడిచి వేయించి, పైన కోవాపాకం పోసిన చంద్రహార. ఇడ్లీలు తిన్నాక దానికి చోటు మిగుల్చుకోవడం అనుభవజ్ఞులకే చేతనవుతుంది. సోమవారం హోటలుకు సెలవు.

లాల్‌బాగ్‌కు పడమట బసవనగుడి. కార్తీకం చివరి సోమవారం బసవన్న ముందు వేరుశనగకాయల తిరునాళ్ల జరిగే పేట అది. అక్కడి గాంధీబజారులో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్ పేరులోనే దాని పుట్టుక ఉంది. చుట్టుపక్కల పాఠశాలల, కళాశాలల పిల్లల కోసం వెంకటరమణ ఉరాళ అనే ఆయన మొదలుపెట్టిన చిన్న ఫలహారశాల. 1970లో రామకృష్ణ అడిగ దానిని తీసుకున్నారు. విద్యార్థులు ముసలివారై మనవళ్లను వెంటబెట్టుకొని వస్తున్నారు గాని, పేరు మారలేదు. గోడలమీద కన్నడ సాహితీమూర్తుల చిత్రాలు ఉంటాయి. మాస్తి వెంకటేశ అయ్యంగారూ, డి.వి. గుండప్పా బసవనగుడి వాస్తవ్యులే. ఇద్దరి ఇంటిభాషా తమిళం, ఇద్దరి కీర్తీ కన్నడం. అలాంటి పేటలో దోసెకు ఎదురుచూస్తూ సాహిత్యం మాట్లాడుకోవడం వింతగా ఎవరికీ తోచదు.

విద్యార్థి భవన్ దోసె మన ఇళ్లలోని పలుచని అట్టు కాదు. మందంగా, పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. సర్వరు ఎడమచేతిమీద భుజం దాకా దోసెల పళ్లేలు ఒకదానిపై ఒకటి పేర్చుకొని, ఇరుకు దారిలో ఎవరికీ తగలకుండా నడిచి వచ్చి, ఒక్కొక్కటే జారవిడుస్తాడు. వెనుకే మరొకడు చిన్న బకెట్టుతో కొబ్బరి చట్నీ తెచ్చి, అడిగినా అడగకపోయినా పోస్తాడు. ఆ పళ్లేల గోపురాన్ని చూడటానికే పిల్లలను తీసుకువచ్చేవారున్నారు. శుక్రవారం సెలవు దినమన్న సంగతి తెలియక వెళ్లి మూసిన తలుపు చూసి వచ్చినవారి సంఖ్య కూడా తక్కువ కాదు.

అక్కడికి దగ్గరలోనే, శంకరపురంలో, 1965 నుంచి బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఉంది. కుర్చీలు లేవు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, జాబితా అంతే. సాంబారు అడిగితే లేదంటారు, చట్నీ ఎంత అడిగినా కాదనరు. ఖారా బాత్ అంటే మన ఉప్మాకు మసాలా దినుసులూ కూరగాయలూ తోడైన రూపం. దానినీ కేసరినీ ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టిస్తే దాని పేరు చౌ చౌ బాత్. కొత్తగా వచ్చిన తెలుగువారు ఆ పేరు విని చీనా వంటకమని భ్రమపడతారు. ఈ కాఫీ బారుకు ఆదివారం సెలవు కనుక, వారాంతపు యాత్రలో శనివారపు పూటను దీనికి కేటాయించాలి.

బోర్డుమీది ఆ కులం పేరు నేటి పాఠకులకు చివుక్కుమనిపించవచ్చు. ఎం.టి.ఆర్. కూడా మొదట్లో బ్రాహ్మణ కాఫీ క్లబ్బే. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల్లో దక్షిణాది నగరాల్లో హోటలు తిండి అంటేనే మైల అనుకొనేవారు. వంటవాడి కులాన్ని బోర్డుమీద రాస్తే తప్ప అగ్రవర్ణాలవారు గడప తొక్కేవారు కారు. లోపల చాలాచోట్ల బ్రాహ్మణులకు వేరే గది, ఇతరులకు వేరే చోటు. కొందరికైతే లోపలికి ప్రవేశమే లేదు. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డుమీద బ్రాహ్మణ శబ్దాన్ని తొలగించాలని 1957లో పెరియారు అనుయాయులు పెద్ద ఆందోళన నడిపారు. ఇడ్లీ చరిత్ర ఆవిరంత తెల్లగా లేదు. శంకరపురం కాలిబాటమీద నేడు పళ్లెం చేతబట్టి నిలబడ్డవారిలో ఎవరి కులం ఏమిటో పక్కవారికి తెలియదు, తెలుసుకొనే వీలూ లేదు. మోచేతులు తగులుతూనే ఉంటాయి. కుర్చీలు లేకపోవడం కూడా ఒక్కొక్కసారి సంస్కరణే.

ఈ నిలబడి తినే పద్ధతిని నగరమంతటా వ్యాపింపజేసినది ‘దర్శిని’. 1983లో జయనగరంలో మొదటి దర్శిని వెలసింది. ముందు డబ్బు కట్టడం, చీటీ ఇచ్చి పళ్లెం తీసుకోవడం, వంటను కళ్లారా చూడటం, పది నిమిషాల్లో కదలడం. వారం రోజుల తొందరకు అది సరే. ఆదివారానికి చాలదు.

ఉత్తరాన మల్లేశ్వరం పేట కథ వేరు. 1920ల నాటి సెంట్రల్ టిఫిన్ రూమ్ యాజమాన్యం మారి శ్రీ సాగర్ అయినా, జనం నోట ఇంకా సి.టి.ఆరే. అక్కడి ‘బెణ్ణె’ మసాలా దోసె, అంటే మన వెన్న దోసె, కోసం ఆదివారం నాడు పట్టే బారు వీధి మలుపు దాకా సాగుతుంది. అదే పేటలోని వీణా స్టోర్స్‌లో ఇడ్లీని వీధి అరుగులమీద కూర్చునే తింటారు. కాని మల్లేశ్వరం వెళ్లినవారు సంపిగె రోడ్డులో ఒకచోట ఆగి, లేనిదానిని కూడా చూడాలి. 1954 నుంచి అక్కడ ఉండిన న్యూ కృష్ణ భవన్ 2023 డిసెంబరులో మూతపడింది. సాంబారులో తేలే గుండీలంత ఇడ్లీలకు అది ప్రసిద్ధి. చివరి రోజున జనం కిక్కిరిసి వచ్చారు. అంత ఆదరణ ఉన్నా హోటలు ఎందుకు మూసుకోవాలి? గిరాకీ లేక కాదు. హోటలు నిలబడిన నేల విలువ, హోటలు సంపాదించగల దానికి అందనంత ఎత్తుకు పెరగడమే ఇలాంటి మూతలకు ప్రధాన కారణం. ఇడ్లీ ధర రూపాయి పెంచితే ముఖం చిట్లించే నగరమే, ఆ ఇడ్లీ ఉడికే చోటుకు కోట్లు పలుకుతుంది.

మరొక కారణం చేతులది. పూర్వం ఉడుపి, కుందాపురం ప్రాంతాల నుంచి పదేండ్ల, పన్నెండేండ్ల కుర్రవాళ్లు బస్సెక్కి వచ్చి ఈ హోటళ్లలో చేరేవారు. పగలు పళ్లేలు కడిగి, రాత్రి బడిలో చదివి, హోటలు మేడమీదే పడుకొనేవారు. వారిలో కొందరు యజమానులయ్యారు, ఎక్కువమంది సర్వర్లుగానే ముసలివారయ్యారు. ఆ బాల్యాలను తలచుకొని మురిసిపోవడం న్యాయం కాదు. అలాంటి పిల్లలు నేడు బడిలో ఉండటమే సరైనది. అయితే వారి వెనుకే రుచుల లెక్క కూడా వెళ్లిపోతున్నది. పిండి ఎంతసేపు పులియాలో, చలికాలపు తెల్లవారుజామున మెంతులు ఎన్ని ఎక్కువ వేయాలో కాగితంమీద రాసిపెట్టినవారు అరుదు. యజమానుల పిల్లలు ఇంజనీర్లై విదేశాలకు వెళ్లిన హోటళ్లలో తలుపు మూయడం ఒక్కటే మిగులుతుంది.

మాంసాహారులకు బెంగుళూరు వేరే మర్యాద చేస్తుంది. దానికి మిలిటరీ హోటళ్లని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందనేదానికి కథలు పలువిధాలు. వీటిలో చాలావాటి మూలాలు మరాఠా కుటుంబాలవి. శివాజీ తండ్రి షహాజీకి పదిహేడవ శతాబ్దంలో బెంగుళూరు జాగీరుగా ఉండేదన్న సంగతి గుర్తు చేసుకుంటే అది ఆశ్చర్యం కాదు. జయనగరంలోని శివాజీ మిలిటరీ హోటలు 1935 నాటిది. ఆకు దొన్నెలో వడ్డించే బిర్యానీ ఆదివారం మిట్టమధ్యాహ్నానికి ముందే అయిపోవడం మామూలే. హైదరాబాదు బిర్యానీతో పోల్చుకుంటూ తినేవారికి అది రుచించదు. పోల్చడం మానితే రుచిస్తుంది.

కంటోన్మెంటు వైపు ఇంకొక బెంగుళూరు. సెయింట్ మార్క్స్ రోడ్డులోని కోషీస్ 1940లో రొట్టెల దుకాణంగా పుట్టి, తరువాత భోజనశాలగా ఎదిగింది. ఆదివారం ఉదయం అక్కడి అప్పం, స్ట్యూ కోసం పాత్రికేయులూ, చిత్రకారులూ, పని లేనివారూ సమానంగా వస్తారు. లేచి వెళ్లమని ఎవరూ సైగ చేయకపోవడమే ఆ చోటు గొప్పతనం. ఇండియా కాఫీ హౌస్‌లో సైతం అదే ఔదార్యం ఉండేది. కాఫీ బోర్డు తన కాఫీశాలలను మూసివేయబోతే, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలుపుకొన్నారు. అలాంటి మొదటి సంఘం 1957 ఆగస్టు 19న బెంగుళూరులోనే పుట్టింది. అర్ధశతాబ్దం పాటు మహాత్మాగాంధీ రోడ్డుమీద తలపాగా సర్వర్లతో నడిచిన కాఫీ హౌస్ 2009లో ఆ భవనం ఖాళీ చేసి చర్చి వీధికి తరలవలసి వచ్చింది. అక్కడా అద్దె తగాదాయే.

ఇక కొత్తవారు మంచి చోటును పోల్చుకోవడం ఎలా? ప్రకటనల వల్ల కాదు. చేతిఫోనులో చిత్రాలు చూసి జనం ఎగబడేచోట ఫోటోలు తీసుకొనేవారే ఎక్కువ, రెండవసారి వచ్చేవారు తక్కువ. ముసలివారు బారులో నిలబడ్డ హోటలును నమ్మవచ్చు; వారికి ఓపిక తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. తినుబండారాల పట్టిక ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సర్వరు మిమ్మల్ని ఏమి కావాలని అడగక ముందే మీ పక్కాయనకు ఆయన మామూలు కాఫీ తెచ్చి పెడితే, మారు ఆలోచన లేకుండా కూర్చోండి. ఒకటి రెండు విషయాల్లో తెలుగు నాలుక సర్దుకోవాలి. అక్కడి సాంబారులో బెల్లం తగులుతుంది. అల్లపచ్చడి అడిగితే వింతగా చూస్తారు. పెసరట్టు మీద ఆశ పెట్టుకోకూడదు.

మెట్రో రైలు వచ్చాక ఈ పేటలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. లాల్‌బాగ్, నేషనల్ కాలేజీ, సంపిగె రోడ్డు స్టేషన్లు ఆకుపచ్చ మార్గంమీదే ఉన్నాయి. పదకొండు దాటితే పొయ్యిలు మధ్యాహ్నపు వంటకు మళ్లుతాయి గనుక, తొమ్మిదింటికే దిగడం మంచిది. ఒంటరిగా వెళ్లినవారికి బెంగుళూరు ఒక సౌకర్యం కల్పించింది. అక్కడ కాఫీని ‘బై టు’ అని అడగవచ్చు. ఒక్క కాఫీకి డబ్బు తీసుకొని, రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారు. సర్వరు ఆ రెండవ గ్లాసు ఎవరికని అడగడు. బల్లకు ఆవలివైపు కూర్చున్న అపరిచితుడి ముందుకు దానిని జరిపితే, బసవనగుడిలో కాదనేవారు అరుదు.